సెల్ఫ్ కొట్టే ముందు రెండు చుట్లు చేత్తో తిప్పించండి

పెద్ద పోస్టే. ట్రాక్టరో, డీజిల్ ఇంజనో ఉన్నోళ్లు ఓపిగ్గా చదవండి. లేనోళ్లు మీ పొలం దున్నే ట్రాక్టరాయనకి పంపండి.

మొన్న మంగళవారం మా పక్క ఊళ్లో ఒక తమ్ముడి ట్రాక్టరుకి ఇంజన్ పని అయింది. హెడ్ ఫేసింగ్ చేయించాడు. వాల్వులు కొత్తవి, సీట్లు కొత్తవి, క్యామ్ షాఫ్ట్ కూడా కొత్తదే. సాయంత్రం కొబ్బరికాయ కొట్టి సెల్ఫ్ కొట్టారు. బండి స్టార్టయింది, స్వీట్లు పంచారు. బుధవారం పొద్దున్నే కేజ్ వీల్స్ వేసి దమ్ములోకి దించాడు. పదింటికల్లా పొలం మధ్యలో ఇంజన్ పట్టేసింది. విప్పి చూస్తే రెండో సిలిండర్లో ఎగ్జాస్ట్ వాల్వు తల తెగి పిస్టన్లో దిగబడి ఉంది. పుష్ రాడ్డు విల్లులా వంగింది. లైనర్ గీసుకుపోయింది. హెడ్డు పగిలింది.

నాకు ఫోటో పంపాడు. ఆ ఫోటో చూడాల్సిన పని నాకు లేదు. అచ్చం అలాంటి పిస్టనే మా ఇంట్లో ఒకటుంది. మా పిల్లలు అందులో పెన్నులు పెట్టుకుంటారు.

నాది జరిగి మూడేళ్లయింది. వేడెక్కి హెడ్డు వంగితే ఒక షాపులో ఫేసింగ్ చేయించి, వాల్వులూ సీట్లూ మార్పించాను. బిగించి స్టార్ట్ చేయగానే టక్ టక్ టక్ అని సన్నటి సౌండ్. "అది ట్యాపెట్ సౌండ్ అన్నా, వేడెక్కితే సర్దుకుంటది" అన్నాడు మెకానిక్. నేనూ తలూపాను. ఆ పూట కాలవ నీళ్ల వంతు మాది మరి, తలూపక ఏం చేస్తాను? ఆరు గంటలు నడిచింది. ఏడో గంటలో పోయింది. విప్పినప్పుడు చూస్తే మూడు పిస్టన్ల మీదా ఎగ్జాస్ట్ వాల్వు కింద నెలవంక లాగా మెరుస్తున్న మచ్చ. అంటే సెల్ఫ్ కొట్టిన మొదటి క్షణం నుంచీ మూడు వాల్వులూ పిస్టన్లకి కొట్టుకుంటూనే ఉన్నాయి. మేం దాన్ని ట్యాపెట్ సౌండ్ అని పిలిచాం.

అందుకే ఈ పోస్టు. హెడ్డు కోసినా, వాల్వు సీట్లు మార్చినా, క్యామ్ మార్చినా, ప్యాకింగ్ మందం మారినా, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య గ్యాప్ ఎంతుందో కొలవకుండా సెల్ఫ్ కొట్టడం పని కాదు, జూదం. ఆ జూదంలో మెకానిక్ పెట్టేది ఏమీ లేదు. పెట్టేది మన ఇంజనే.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఈ మాట ఎత్తగానే "గ్యాప్ చూశాం అన్నా, ఫీలర్ గేజ్ పెట్టి చూశాం" అంటారు. అది ట్యాపెట్ గ్యాప్. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య, హెడ్డు పైన ఉండే సందు. నేను చెప్పేది హెడ్డు కింద, సిలిండర్ లోపల, వాల్వు తలకీ పిస్టన్ నెత్తికీ మధ్య ఉండే సందు. మొదటిది ఎంత బాగా సెట్ చేసినా రెండోది ఎంతుందో తెలియదు. పైగా ట్యాపెట్ బిగించే కొద్దీ వాల్వు ఇంకాస్త ఎక్కువ కిందికి దిగుతుంది, కాబట్టి లోపలి సందు ఇంకా తగ్గుతుంది. సౌండ్ వస్తోందని ట్యాపెట్ బిగించినోడు రోగికి విషం పోసినట్టే. నాకు పోసింది అదే.

ఇప్పుడు అసలు సంగతి. డీజిల్ ఇంజన్లో ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తేనే డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకి దాదాపు ఆనుకునేంత దగ్గరికి రావాల్సిందే. కిర్లోస్కర్ టీవీ1 అనే సింగిల్ సిలిండర్ ఇంజన్ తీసుకోండి. ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కూడా పెట్టేది అదే. బోరు 87.5 మి.మీ., స్ట్రోక్ 110 మి.మీ., 661 సీసీ, కంప్రెషన్ 17.5కి 1. లెక్క వేస్తే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 40 సీసీ. చిన్న టీ గ్లాసులో సగం. అందులో ఎక్కువ భాగం పిస్టన్ నెత్తి మీద తవ్వి ఉన్న గిన్నెలోనే పోతుంది. ఇక పిస్టన్ అంచుకీ హెడ్డుకీ మధ్య మిగిలేది ఏపాటి?

అంత ఇరుకులో, సరిగ్గా పిస్టన్ పైన ఉన్న ఆ క్షణంలోనే, రెండు వాల్వులూ కాస్త తెరుచుకుని ఉంటాయి. పొగ బయటికి పోయే స్ట్రోక్ అయిపోతూ ఎగ్జాస్ట్ ఇంకా మూసుకోలేదు, గాలి లోపలికి వచ్చే స్ట్రోక్ మొదలవుతూ ఇన్‌లెట్ అప్పుడే తెరుచుకుంటోంది. ఆ టీవీ1లో ఇన్‌లెట్ టాప్‌కి 4.5 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ టాప్ దాటిన 4.5 డిగ్రీలకి మూసుకుంటుంది. రెండూ కలిసి తెరిచి ఉండేది 9 డిగ్రీలే. కంపెనీ వాళ్లు అంత పిసినారితనం ఎందుకు చూపించారంటారు? చోటు లేదు కాబట్టి.

చాలామంది అనుకునేదేంటంటే, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు పిస్టన్‌కి తగులుతుందని. కాదు. వాల్వు పూర్తిగా కిందికి దిగేసరికి పిస్టన్ ఎక్కడో సగం దాటి కింద ఉంటుంది. ప్రమాదం అక్కడ లేదు. పిస్టన్ పైకి ఎక్కుతూ ఎగ్జాస్ట్ వాల్వుని తరుముతుంది. టాప్ దాటాక ఇన్‌లెట్ వాల్వు పిస్టన్‌ని తరుముతుంది. టాప్‌కి 15 డిగ్రీలు అటూ ఇటూ, ఆ కాసేపట్లోనే అంతా. కాబట్టి "ఈ క్యామ్ లిఫ్ట్ పాతదానంతే అన్నా, ఏం కాదు" అనే మాటకి విలువ లేదు. టాప్ దగ్గర ఎంత తెరిచి ఉంటుందో అది చెప్పమనండి.

స్ట్రోక్ 110 ఉన్న ఇంజన్లో టాప్‌కి 5 డిగ్రీల దూరంలో పిస్టన్ దిగి ఉండేది పావు మిల్లీమీటరు. 10 డిగ్రీల దగ్గర 1 మిల్లీమీటరు. 15 డిగ్రీల దగ్గర 2.3. ఇప్పుడు టైమింగ్ గేరు ఒక్క పన్ను తప్పు పడిందనుకోండి. క్యామ్ గేరుకి 48 పళ్లుంటే ఒక పన్నుకి క్యామ్ 7.5 డిగ్రీలు తిరుగుతుంది. క్యామ్ ఒక చుట్టు తిరిగితే క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి క్రాంక్ లెక్కలో అది 15 డిగ్రీలు. అంటే పిస్టన్ 2.3 మి.మీ. కింద ఉన్నప్పుడు వాల్వు ఉండాల్సిన చోట, ఇప్పుడు పిస్టన్ నిండా పైన ఉన్నప్పుడు ఉంటుంది. ఒక్క పన్ను! గ్రీజు చేత్తో, సాయంత్రం చీకట్లో, ఫోన్ లైటు వెలుగులో బిగిస్తే ఒక్క పన్ను తప్పడం ఎంతసేపు?

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తా. మధ్యలో ఐడ్లర్ గేరు ఉన్న ఇంజన్లలో మార్కులు కలిపి బిగించాక రెండు చుట్లు తిప్పితే ఆ మార్కులు మళ్లీ ఎదురెదురుగా రావు. చాలా చుట్లు తిరిగాకే వస్తాయి. అది చూసి కంగారుపడి మళ్లీ విప్పి, తప్పుగా బిగించినోళ్లని నేను చూశాను. కలిపేటప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి, గొడవ ఉండదు.

ఇక హెడ్ ఫేసింగ్. లేత్ షాపులో 0.3 మి.మీ. కోశాడనుకోండి. వాల్వు పిస్టన్‌కి 0.3 దగ్గరికి వచ్చేసింది. బ్లాక్ ఫేసింగ్ కూడా చేస్తే అది ఇంకో కోత. పాత ప్యాకింగ్ కన్నా కొత్తది పల్చనైతే ఇంకో కోత. కొత్త సీట్లు నొక్కి, వాటిని లోతుగా కట్ చేయకుండా వదిలేస్తే వాల్వు హెడ్డు తలానికి సమానంగానో, ఇంకా ఘోరంగా బయటికి పొడుచుకునో ఉంటుంది. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్నదే. అన్నీ ఒకే వైపుకి కూడతాయి. నా ఇంజన్లో జరిగింది అదే. హెడ్డు బల్ల మీద బోర్లా పెట్టి స్కేలు ఆనించి చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది. వాల్వు లోపలికి ఉండాల్సింది పోయి స్కేలుకి తగులుతోంది.

అన్నట్టు కోతకి నాజిల్ కూడా లోనవుతుంది. హెడ్డు పల్చబడితే నాజిల్ ముక్కు అంతమేర లోపలికి ఎక్కువ పొడుచుకు వస్తుంది. కింద వేసే రాగి వాషర్ పాతదో కొత్తదో, ఎంత మందమో చూడకుండా బిగిస్తారు. అది ఇంకో పోస్టు అవుతుంది, వదిలేస్తున్నా.

ఇప్పుడు వాదనలకి వద్దాం. నాకు ఈ మూడేళ్లలో టీ కొట్టు దగ్గర ఎదురైన వాదనలన్నీ ఇవే.

"కంపెనీ పార్టులే వేశాం." సరే. కంపెనీ పార్టు కంపెనీ హెడ్డుకి సరిపోతుంది. మీరు కోసిన హెడ్డు కంపెనీది కాదు, లేత్ షాపుది. కంపెనీ వాళ్లు హెడ్డు ఇంతకన్నా పల్చబడకూడదని మాన్యువల్లో కనీస మందం ఇస్తారు, వాల్వు తలం నుంచి ఎంత లోపలికి ఉండాలో ఇస్తారు. ఆ రెండు అంకెలూ చూడకుండా కంపెనీ పేరు చెప్పడం దేవుడి పేరు చెప్పి అప్పు ఎగ్గొట్టడం లాంటిది.

"ముప్ఫై ఏళ్ల అనుభవం, చెయ్యి పెడితే తెలిసిపోద్ది." చేతికి చాలా తెలుస్తాయి, ఒప్పుకుంటా. బేరింగ్ వదులు తెలుస్తుంది, బోల్టు బిగువు తెలుస్తుంది. కానీ మూసిన హెడ్డు కింద సందు అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో ఏ చేతికీ తెలియదు. చెయ్యి దూరే చోటు కాదది.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ చూళ్లేదు, ఏ బండీ పోలేదు." పోలేదని ఎవరు చెప్పారు? నా బండి పోయినప్పుడు "రైతు ఓవర్ లోడ్ చేశాడు, ఆయిల్ చూసుకోలేదు" అని ఊరంతా చెప్పారు. పోయిన బండ్లన్నీ రైతు ఖాతాలో రాస్తే మెకానిక్ ఖాతా ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

"తగిలితే రెండు ప్యాకింగులు వేద్దాం." ఈ మాట అన్నోడి దగ్గర నుంచి మీ హెడ్డు వెంటనే వెనక్కి తెచ్చుకోండి. రెండు ప్యాకింగులు ఒకదాని మీద ఒకటి వేస్తే మధ్యలోంచి గ్యాస్ లీకవుతుంది, నీళ్లు ఆయిల్లోకి పోతాయి. వాల్వు తల గ్రైండ్ చేసి పల్చన చేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. అంచు పల్చబడిన ఎగ్జాస్ట్ వాల్వు వేడికి కాలిపోతుంది. చంపే పద్ధతి మారుతుంది, అంతే.

నిజం చెప్పాలంటే అన్నిసార్లూ ఇది చేయక్కర్లేదు. హెడ్డు కోయలేదు, సీట్లు మార్చలేదు, పాత వాల్వులే ల్యాపింగ్ చేశారు, ప్యాకింగ్ అదే మందం, టైమింగ్ కదపలేదు అంటే గ్యాప్ తగ్గే మార్గమే లేదు. ల్యాపింగ్‌తో వాల్వు ఒక వెంట్రుక వాసి లోపలికే పోతుంది. అలాగని మరీ లోపలికి కూరుకుపోయినా మంచిది కాదు. కంప్రెషన్ పడిపోయి చలికాలం పొద్దున స్టార్ట్ కాదు, తెల్లపొగ కక్కుతుంది. అందుకే ఇది ఊహించే పని కాదు, కొలిచే పని అంటున్నా.

ఇక్కడ కుర్రాళ్లతో ఒక మాట. పంజాబ్ టోచన్ వీడియోలు మనోళ్లు తెగ చూస్తున్నారు. రెండు ట్రాక్టర్లు వెనక నుంచి కట్టి లాగించడం, చిమ్నీలోంచి నల్లటి పొగ, ముందు చక్రాలు గాల్లోకి. చూట్టానికి బాగానే ఉంటుంది. అది చూసి "హెడ్డు కోయించి, పెద్ద క్యామ్ వేస్తే హెచ్‌పీ పెరుగుద్ది" అని ఎవరో చెప్తే దున్నుకునే బండి తీసుకెళ్లి ఇస్తున్నారు. తమ్ముడూ, ఆ లెక్క పెట్రోలు బండ్లది. పెట్రోలు ఇంజన్లో కంప్రెషన్ 9 నుంచి 10కి పెంచితే కాస్త లాభం ఉంటుంది. మన డీజిల్లో ఇప్పటికే 17, 18 ఉంది, దాన్ని ఇంకో సగం పెంచితే వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు, ప్యాకింగ్ మీదా కనెక్టింగ్ రాడ్డు మీదా ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. ఇక పెద్ద క్యామ్ ఫలితం ఇచ్చేది ఇంజన్ బాగా స్పీడుగా తిరిగినప్పుడు. మన ట్రాక్టరు 2000 ఆర్‌పీఎం చుట్టుపక్కల పనిచేస్తుంది, గవర్నర్ అంతకు మించి పోనివ్వదు. ఆ స్పీడులో పెద్ద క్యామ్ ఇన్‌లెట్‌ని ఆలస్యంగా మూసి, పీల్చుకున్న గాలిని మళ్లీ బయటికి తోసేస్తుంది. దమ్ములో కావాల్సింది కింది స్పీడులో లాగే బలం. ఉన్నది పోగొట్టుకుని లేనిదాని కోసం డబ్బు కట్టినట్టు. దాని మీద, టాప్ దగ్గర రెండు వాల్వులూ ఎక్కువ సేపు, ఎక్కువ లోతు తెరిచి పెట్టే క్యామ్ అది. కోసిన హెడ్డు, పెద్ద క్యామ్, రెండూ కలిపి వేశారంటే పిస్టన్‌కి రెండు వైపుల నుంచీ గోడలు జరిపినట్టు.

పోటీ బండ్లకి చేసేవాళ్లు పిస్టన్ నెత్తి మీద వాల్వుకి సరిపడా గుంటలు తవ్వుతారు, క్లే పెట్టి కొలుస్తారు, ఒకటికి పదిసార్లు చేత్తో తిప్పుతారు. పెట్రోలు రేసు ఇంజన్లకి ఇన్‌లెట్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. కనీసం ఉండాలని వాళ్లకో లెక్క ఉంది. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే అది ఎర్రగా కాలి సాగుతుంది. ఆ అంకెలు మన ట్రాక్టరుకి వర్తించవు, మన ఇంజన్లో అంత చోటే ఉండదు. చెప్పొచ్చేదేంటంటే, వీడియోలో పొగ చూపిస్తారు గానీ క్లే ముద్ద చూపించరు.

సరే, ఎలా చూడాలి? ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. స్టేషనరీ షాపులో పిల్లలు ఆడుకునే క్లే ఒక ప్యాకెట్, ఒక వెర్నియర్, ఒక బ్లేడు, కాస్త ఇంజన్ ఆయిల్.

మొదటి కొలత లేత్ షాపుకి పోకముందే. హెడ్డు విప్పగానే కార్బన్ గీకి, బోర్లా పెట్టి, స్కేలు ఆనించి, ప్రతి వాల్వూ తలం కన్నా ఎంత లోపలికి ఉందో ఫీలర్ గేజ్‌తో చూసి కాగితం మీద రాయండి. లేత్ షాపాయన్ని ఎంత కోశాడో రాసిమ్మనండి. "రెండు రౌండ్లు లాగించా" అంటే ఒప్పుకోవద్దు, అంకె కావాలి. తెచ్చాక మళ్లీ కొలవండి. ముందు 1.2 ఉండి, 0.3 కోస్తే 0.9 రావాలి. సీట్లు మార్చారంటే ఎంతొచ్చిందో చూసి మాన్యువల్లో ఉన్న అంకెతో పోల్చండి. సగం ప్రమాదాలు ఇక్కడే దొరికిపోతాయి.

తర్వాత క్లే. పిస్టన్ నెత్తి శుభ్రంగా తుడిచి, రెండు వాల్వుల కిందా వేలెడు వెడల్పున, అరంగుళానికి కాస్త తక్కువ మందాన క్లే అద్దండి. వాల్వు ముఖాలకి ఆయిల్ రాయండి, లేకపోతే క్లే పైకి అంటుకుని వచ్చేస్తుంది. ప్యాకింగ్ వేయకుండా కొలిచేరు, తప్పు. ఏ మందం ప్యాకింగ్ వేయబోతున్నారో అదే మందంది, ఇదివరకు బిగించి నలిగినది ఉంటే అది వేయండి. కొన్ని ఇంజన్లకి ప్యాకింగులు రెండు మూడు మందాల్లో వస్తాయి, అంచున గంట్లో రంధ్రాలో గుర్తుగా ఉంటాయి, పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తోందో చూసి ఎంచుకోవాలి. షాపాయన ఏదిస్తే అది తెచ్చుకోకండి. హెడ్డు బోల్టులు టార్క్ రెంచ్‌తో, వరసలో, పూర్తిగా బిగించాలి. పుష్ రాడ్లు, రాకర్లు పెట్టి ట్యాపెట్లు సెట్ చేయాలి.

నాజిళ్లు బిగించొద్దు. కంప్రెషన్ లేకపోతేనే చెయ్యి తేలిగ్గా తిరుగుతుంది, లోపల ఏదైనా తగిలితే తెలుస్తుంది. క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి, ఇంజన్ తిరిగే దిక్కునే, మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒక చుట్టు చాలదు, క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు అవుతుంది. మధ్యలో గట్టిగా ఆగిందా, అక్కడే ఆపండి. "ఇంకాస్త బలంగా" అని పైపు తగిలించి లాగారంటే వాల్వు అక్కడే వంగుతుంది. ఆ పని సెల్ఫ్ చేయాల్సిందే మీరు చేసినట్టు.

హెడ్డు తీసి, క్లే మీద వాల్వు అచ్చు పడిన చోట ఆయిల్ రాసిన బ్లేడుతో కోసి, అన్నిటికన్నా పల్చగా ఉన్న చోట వెర్నియర్‌తో కొలవండి. అదే మీ గ్యాప్. మూడు సిలిండర్లూ చూడండి. సిలిండర్‌కో హెడ్డు విడిగా ఉండే బండ్లకైతే ఏదీ వదలొద్దు, ఒక్కో హెడ్డు ఒక్కో మందానికి కోసి ఉండొచ్చు.

ఈ కొలిచింది చల్లటి ఇంజన్లో, చేత్తో మెల్లగా తిప్పినప్పటి గ్యాప్ అని మాత్రం మర్చిపోవద్దు. ఇంజన్ నడిచేటప్పుడు వాల్వు వేడికి సాగుతుంది, బేరింగుల్లో ఉన్న వదులంతా పైకి వస్తుంది. చెరకు ట్రాలీ నిండా లోడుతో కాలవ గట్టు దిగేటప్పుడు గేర్లో ఉన్న ఇంజన్ని బండి తోస్తుంది, గవర్నర్ చేతిలో లేని స్పీడుకి పోతుంది. పాత స్ప్రింగులైతే అప్పుడు వాల్వుని టైముకి వెనక్కి లాగలేవు, వాల్వు గాల్లో ఉండగానే పిస్టన్ వచ్చేస్తుంది. కాబట్టి "తగల్లేదు కదా, కాగితం దూరేంత ఉంది" అనే గ్యాప్ గ్యాప్ కాదు. పని ముందు మీ ఇంజన్లో ఉన్నదానికీ, మాన్యువల్ చెప్పినదానికీ తక్కువ రాకూడదు. తక్కువొస్తే సీటు ఇంకాస్త లోతుకి కట్ చేయించడం, కంపెనీ ఇచ్చే మందం ప్యాకింగ్ వేయడం, కాకపోతే వేరే హెడ్డు. దారులు అవే.

ఒకవేళ ఇవేమీ చేయకుండా ఇప్పటికే స్టార్ట్ చేసి ఉంటే, ఆ టక్ టక్ వినండి. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి వచ్చే గట్టి లోహపు సౌండ్, ట్యాపెట్ ఎంత సెట్ చేసినా పోని సౌండ్ అయితే వెంటనే ఆపేయండి. 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి వెయ్యి సార్లు తెరుచుకుంటుంది, గంటకి 60 వేల సార్లు. నా వాల్వు ఎన్ని దెబ్బలు తిని తెగిందో మీరే లెక్కేసుకోండి.

చివరగా మన తప్పు కూడా చెప్పుకుందాం, మెకానిక్కుల్నే తిడితే న్యాయం కాదు. ఇంజన్ పని మనం గుత్తకి ఇస్తాం. ఇచ్చేటప్పుడు వెయ్యి రూపాయల దగ్గర గంట సేపు బేరం ఆడతాం. ఇచ్చాక "రేపటికి కావాలి" అని పూటకి మూడుసార్లు ఫోన్ చేస్తాం. క్లే పెట్టి ఒకసారి బిగించి, విప్పి, మళ్లీ బిగించడమంటే అతనికి అర రోజు పని, దానికి పైసా రాదు. ఎందుకు చేస్తాడు? నేనైనా చేయను. అందుకే ఇప్పుడు నేను పని ఇచ్చే ముందే చెప్తున్నా: గుత్త కాకుండా ఈ అర రోజు కూలి వేరేగా ఇస్తాను, నేను పక్కనే ఉంటాను, చుట్లు నేనే తిప్పుతాను. ఇష్టం లేదంటే ఇంకోడి దగ్గరికి పోతాను. మా పాత మెకానిక్ దీనికి అలిగాడు కూడా. "నా మీద నమ్మకం లేదా" అన్నాడు. ధాన్యం అమ్మేటప్పుడు కాటా వేస్తాం, షావుకారు మీద నమ్మకం లేకా? ఉన్నా వేస్తాం.

శనివారం ఆ తమ్ముడి బండి మళ్లీ బిగిస్తున్నారు. హెడ్డు వేరేది దొరికింది. క్లే, వెర్నియర్ నేనే తీసుకెళ్తున్నా. నాజిళ్లు అప్పుడే బిగించొద్దని మెకానిక్‌కి ఫోన్ చేసి చెప్పాను. సరే అన్నాడు, కాస్త విసుక్కుంటూనే. ఎంత గ్యాప్ వచ్చిందో ఇక్కడే రాస్తాను.